బ్యాటరీలు మింగే కెమెరా

ఫిబ్రవరి 2

కెమెరాకి ఆకలి జబ్బు పట్టుకుంది. పొద్దున నిండా ఛార్జి చేసిన బ్యాటరీ వేసుకుని బయల్దేరితే, నేను మధ్యాహ్నం భోజనానికి కూర్చునేలోపే అది తన భోజనం ముగించేసి ఎర్ర దీపం చూపిస్తోంది.

ఇవాళ లాయరు గారింట్లో మనవరాలి పుట్టినరోజు. కేకు తెచ్చేదాకా బాగానే ఉంది. పిల్ల ఊపిరి బిగించి కొవ్వొత్తుల మీదికి వంగగానే కెమెరా కన్ను మూసింది. "ఒక్క నిమిషం ఊదకు తల్లీ!" అన్నాను. పాపం ఎంతసేపని బిగపట్టుకుంటుంది? నేను రెండో బ్యాటరీ వేసేసరికి కొవ్వొత్తులు ఆరిపోయాయి. మళ్ళీ వెలిగించి, మళ్ళీ ఊదించాను. రెండోసారి ఊదుతూ ఆ పిల్ల నా వంక చూసిన చూపు ఫోటోలో పడింది. లాయరు గారి చూపు పడలేదు గానీ నాకు గుర్తుంది.

పోనీ, అంతలా ఏం తీశాను? తీసిన ప్రతి ఫోటోనీ వెనక తెర మీద పెద్దది చేసి, కళ్ళూ ముక్కూ సరిగ్గా వచ్చాయో లేదో చూసుకున్నాను, అంతే. గదిలో వెలుతురు చాలక ఫ్లాష్ వేశాను. పట్టపగలు, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, అయినా చాలలేదు. ఈమధ్య ఇళ్ళు చీకటిగా కడుతున్నారు.

ఫిబ్రవరి 4

బామ్మర్ది దుకాణంలో కొత్త బ్యాటరీ తీసుకున్నాను. వాడికి ఎలక్ట్రానిక్స్ షాపు ఉంది, నాకు మొహమాటం ఉంది.

"బావా, ఇది కంపెనీ సరుకే. డబ్బా ఒక్కటే వేరు" అన్నాడు.

"డబ్బాయే వేరైతే లోపలిది కంపెనీదని ఎట్లా తెలుస్తుందిరా?"

"నేను చెప్తున్నాగా బావా!"

నా పెళ్ళయినప్పటి నుంచి వాడు చెప్తూనే ఉన్నాడు, నేను కొంటూనే ఉన్నాను. వాడమ్మిన మిక్సీ ఇంకా మా వంటింట్లో ఉంది. అది తిప్పితే టీవీ ఆగిపోతుంది. మా ఆవిడ ముందు మాత్రం వాణ్ణి ఏమీ అనకూడదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 5

కొత్తదీ అంతే. పాతదానికన్నా ముందే అయిపోయింది.

ఫిబ్రవరి 8

ఇవాళ స్టూడియోకి ఎవరూ రాలేదు. కెమెరాతో పాటు వచ్చిన పుస్తకాన్ని తొలిసారి తెరిచాను. కొన్న ఇన్నేళ్ళకి చదవడం నాకే సిగ్గనిపించింది. అక్షరాలు చీమల కన్నా చిన్నగా అచ్చేశారు. కాగితం పొదుపు కాబోలు. భూతద్దం పెట్టుకుని చదివాను.

బ్యాటరీ కొసల మీద మురికి ఉంటే రబ్బరుతో రుద్దమన్నారు. రుద్దాను. వైఫై కట్టేయమన్నారు. అది నా కెమెరాలో ఉందన్న సంగతే తెలియదు, పాపం ఇన్నాళ్ళూ ఎవరి కోసం వెతుక్కుంటూ ఉందో. కట్టేశాను. మెమరీ కార్డు తుడిచి మళ్ళీ సిద్ధం చేశాను. ఛార్జరు ప్లగ్గు మార్చి చూశాను. లెన్సు తీసి, ఊది, పెట్టాను.

మిగతా రెండు సలహాలూ నాకు పనికొచ్చేవి కావు. ఒకటి, తెర వెలుతురు తగ్గించమని. చివరి గీత దాకా పెంచితేనే నాకు మొహాలు తెలుస్తున్నాయి, ఇంకా తగ్గిస్తే తడుముకోవడమే. రెండోది, తెర వాడకుండా పైనున్న చిన్న కిటికీలో కన్ను పెట్టి తియ్యమని. దాన్ని వ్యూఫైండర్ అంటారు, మేము కిటికీ అనే అంటాం. ఆ కిటికీలో ఎప్పటి నుంచో దుమ్ము చేరి మసగ్గా ఉంది. అందుకే నేను వెనక తెర చూసి తీస్తున్నాను. పుస్తకం రాసినవాడికి నా కెమెరాలో దుమ్ము సంగతేం తెలుసు?

మా ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని లాయరు గారి ఫోటోలు సరిచేస్తోంది. తీయడం నా పని, దిద్దడం, ప్రింటు వేయడం ఆవిడ పని.

"ఏమండీ, ఇవి కాస్త మెత్తగా వచ్చినట్టున్నాయి."

"మెత్తదనం ఇప్పుడు ఫ్యాషను."

"ఫ్యాషనా?"

"బ్యాటరీ సరిగ్గా లేకపోతే ఫోకస్ మోటారు నీరసపడుతుంది. అంతా ఆ బ్యాటరీ వల్లే."

"ఆడలేక..." అని మొదలెట్టి ఆగిపోయింది. సామెత మిగతా సగం నాకూ వచ్చు. మద్దెల గురించి. మా ఇంట్లో మద్దెల లేదు.

ఫిబ్రవరి 12

స్కూలు నుంచి కొత్త హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేసింది. మార్చి మొదటివారంలో క్లాసు గ్రూప్ ఫోటోలు. ఏటా నేనే తీస్తాను. చిన్నప్పుడు నా ముందు వరసలో కూర్చున్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని పంపుతున్నారు.

"పోయినసారి పిల్లల్ని చాలాసేపు ఎండలో నిలబెట్టారట. ఇద్దరు కళ్ళు తిరిగి పడ్డారట" అంది.

"బ్యాటరీ మేడమ్" అన్నాను.

"ఈసారి అలా జరిగితే కష్టమండీ. బస్టాండు దగ్గర కొత్తతను కూడా అడుగుతున్నాడు. ఆయన దగ్గర డ్రోన్ కూడా ఉందట."

గ్రూప్ ఫోటోకి డ్రోన్ ఎందుకు? నడినెత్తులు తీయడానికా? అయినా భయం వేసింది. ఆ స్కూలు పోతే స్టూడియో షట్టరు సగం దించుకున్నట్టే. మిగతా సగం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆ తర్వాత నేనేం చెయ్యాలి? నాకు ఇంకో పని రాదు. పాలు చూస్తూ ఉండమంటే పొంగి పొయ్యి ఆరిపోయాక చూస్తాను. ఫోటోలు తీసేవాణ్ణి కాకపోతే నేనెవర్నో నాకే తెలియదు. మార్చిలోపు ఈ బ్యాటరీ సంగతి తేలాలి.

ఫిబ్రవరి 16

కెమెరాని మెకానిక్ దగ్గర ఉంచి, ఇవాళ తెచ్చుకున్నాను.

"మా దగ్గర బాగానే ఉంది సార్. రోజంతా ఫోటోలు కొట్టాను. ఒక్క గీత తగ్గింది, అంతే."

"మరి నా దగ్గరే ఎందుకు ఇట్లా చేస్తోంది?"

"ఏమో సార్. తెర వెలుతురు ఫుల్లుగా పెట్టుంది, నేను తగ్గించాను."

బయటికి రాగానే మళ్ళీ పెంచేశాను. వాడి బల్ల దగ్గర బుద్ధిమంతుడిలా ఉండి, నా భుజానికెక్కగానే తిండిపోతు అవుతోందంటే ఇది రిపేరు కాదు, పగ.

తిరిగొచ్చేసరికి చీకటి పడింది. వీధి దీపాలు మార్చినట్టున్నారు. ప్రతి దీపం చుట్టూ ఒక వలయం. స్కూటర్లన్నీ పెద్ద లైటు వేసుకుని నా కళ్ళలోకే వస్తున్నాయి. మర్యాద లేని ఊరైపోయింది.

ఫిబ్రవరి 19

జ్వరం. విద్యుత్ ఆఫీసులో ఇవాళే రిటైర్మెంట్ సభ. డబ్బు ముందే పుచ్చుకున్నాను. మా ఆవిడ కెమెరా భుజాన వేసుకుని, "నేను వెళ్తాను, మీరు కషాయం తాగి పడుకోండి" అంది. ఇంట్లో ఉన్న నాలుగు బ్యాటరీలూ సంచిలో పెట్టాను. మధ్యలో ఫోన్ చేస్తుందని చూస్తూ పడుకున్నాను. చెయ్యలేదు.

ఫిబ్రవరి 20

జ్వరం తగ్గింది. ఒళ్ళు మండుతోంది, అది జ్వరం వల్ల కాదు.

సభ మొత్తం ఒకే బ్యాటరీతో తీసుకొచ్చింది! మిగతా మూడూ సంచిలోంచి బయటికే రాలేదు. ఆ ఒక్కదాన్లోనూ సగానికి పైగా మిగిలి ఉంది. ఫోటోలు చూశాను. రిటైరైనాయన కళ్ళలో నీటి పొర కూడా తెలుస్తోంది.

"ఏం చేశావు దీన్ని?"

"ఏముంది చెయ్యడానికి? కిటికీలో కన్ను పెట్టి నొక్కాను. అప్పట్లో మీరు నేర్పిందేగా."

"కిటికీలో దుమ్ము లేదూ?"

"ఏ దుమ్మండీ?" అంది. ఆ అనడంలో జాలి ఉన్నట్టనిపించింది. నాకే అలా అనిపించి ఉంటుంది.

నేను పెంచి పోషించిన కెమెరా కూడా ఆవిడ మాటే వింటోంది. మా ఇంట్లో నా మాట వినేవి ఇక సీలింగు ఫ్యానూ నేనూ. ఫ్యానుది కూడా అనుమానమే.

ఫిబ్రవరి 22

కిటికీని దూదితో తుడిచాను. మసక పోలేదు. లెన్సు తుడిచే మెత్తటి తోలుగుడ్డతో తుడిచాను. పోలేదు. కంటికి ఆనించే రబ్బరు తీసి సబ్బునీళ్ళతో కడిగాను. ఊహూఁ.

బామ్మర్ది వస్తే చూపించాను. "అద్దంలా ఉంది బావా" అన్నాడు. వాడు ఏదైనా అద్దంలా ఉందనే అంటాడు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. ప్రింట్ల కోసం వచ్చిన పోస్టుమ్యాన్‌కి చూపించాను. "ఎదురుగా బల్ల మీద చీమ పోతోంది సార్" అన్నాడు. ఏ చీమ? మా ఆవిడని మళ్ళీ అడిగాను. చూసి, నా చేతిలో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది.

చిరాకుపడి కెమెరాని దించబోతూ, చెయ్యి తిరిగి, కిటికీకి ఎడమ కన్ను ఆనింది. చీమ కనిపించింది. బల్ల అంచు చెక్క మీద గీతలు కూడా కనిపించాయి.

మళ్ళీ కుడి కన్ను పెట్టాను. పొగ. మళ్ళీ ఎడమ. చీమ.

కుడి కంటికి మసకగా, ఎడమ కంటికి శుభ్రంగా కనిపించేలా ఒక కిటికీ పాడవడం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. చాలా అరుదైన రిపేరు. రేపు మెకానిక్‌ని అడగాలి.

ఫిబ్రవరి 23

అడగలేదు.

ఫిబ్రవరి 25

మా ఆవిడ కూరగాయలకి వెళ్ళినప్పుడు స్టూడియో తలుపు వేసుకుని, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని నిలబడ్డాను. కెమెరా లేదు. కిటికీ లేదు. బ్యాటరీ అసలే లేదు. ఎదురుగా గోడ మీద నేను తీసిన ఫోటోలన్నీ వరసగా ఉన్నాయి. ఎవరి మొహమూ తెలియలేదు. అన్నీ ఉడుకుతున్న గిన్నె మీద ఆవిరి వెనక ఉన్నట్టున్నాయి.

చెయ్యి తీసేశాను. మళ్ళీ మూసుకున్నాను. ఎన్నిసార్లు చేసినా అంతే.

బ్యాటరీ కాదు. నా కన్ను. కన్ను కనబడక తెర చూశాను, ఎడమ కన్ను మూసుకునే పాత అలవాటు వల్ల తెర కూడా కనబడక వెలుతురు పెంచాను, అదీ చాలక ప్రతి మొహాన్నీ పెద్దది చేసుకుని చూస్తూ కూర్చున్నాను. రోజంతా దీపం వెలిగించి ఉంచి, నూనె ఎవరు తాగుతున్నారని ఇంటిల్లిపాదినీ అడిగాను. పోస్టుమ్యాన్‌ని కూడా వదల్లేదు.

నవ్వొచ్చింది. తర్వాత గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాను. ఫోటోగ్రాఫరుకి కన్ను పోతే ఏమంటారు? వంటవాడికి నాలుక పోయినా వాసన చూసి వండుకుంటాడు. నాకు చాలా భయంగా ఉంది. ఇంకెక్కడా చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆవిడకి తెలియకూడదు. స్కూలు ఫోటోలయ్యేదాకా ఎవరికీ తెలియకూడదు. ఎడమ కన్నుతో లాగించేస్తాను.

ఫిబ్రవరి 26

ఆవిడకి తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు.

పొద్దున ఎడమ కన్ను పెట్టి తీయడం అలవాటు చేసుకుందామని చూస్తున్నాను. ముక్కు అడ్డం వస్తోంది, వేలు బటన్ మీద ఉండాల్సింది బుగ్గ మీద ఉంటోంది. ఆవిడ కంప్యూటర్ దగ్గర నుంచి లేచి వచ్చి నా చేతిలోంచి కెమెరా తీసుకుని బల్ల మీద పెట్టింది.

"రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. పేరు రాయించాను."

"నీకెప్పుడు తెలుసు?"

"ఫోటోలు దిద్దేది నేనేగా. ఏడాదిగా మీవి ఒక్కటీ పదునుగా రావట్లేదు. మీరు తీసిన మొహాలకి నేను కళ్ళు గీస్తున్నాను."

"ఏడాదిగా తెలిసి ఒక్క మాట చెప్పకూడదూ?"

"రెండుసార్లు చెప్పబోయాను. కరవబోయారు." బల్ల మీది కెమెరాకి మూత పెడుతూ అంది. "నిజంగా చెప్తే కెమెరా మూలన పడేసి మంచమెక్కుతారని భయపడ్డాను. మంచమెక్కిన మనిషిని నేను లేపలేను. బ్యాటరీని తిట్టుకుంటూ తిరిగే మనిషితోనైతే వేగగలను."

కొన్న బ్యాటరీలన్నీ గుర్తొచ్చాయి. ఒక్కో బ్యాటరీ తెచ్చినప్పుడల్లా ఆవిడ ఏమీ అనకుండా ఛార్జింగ్‌కి పెట్టింది. ఏడుపొచ్చింది. కుడి కన్నులోంచి కూడా నీళ్ళు బాగానే వచ్చాయి, ఆ పని మాత్రం చెడలేదు.

ఫిబ్రవరి 27

డాక్టరమ్మ నా కంట్లోకి దీపం వేసి చూసింది. శుక్లమట. బాగా ముదిరిందట. ఎడమ కంట్లో కూడా మొదలైందట, దానికి ఇంకా సమయం ఉందట.

"మీరేం పని చేస్తారు?"

"ఫోటోగ్రాఫర్నండీ."

ఆవిడ దీపం ఆర్పి నా మొహం చూసింది. "ఈ కంటితో ఎలా తీస్తున్నారండీ?"

"బ్యాటరీలతో" అంది మా ఆవిడ.

ఆపరేషన్ చిన్నదేనట. చూపు బాగా వస్తుందని డాక్టరమ్మ నమ్మకంగా చెప్పింది. కాకపోతే స్కూలు ఫోటోల తర్వాత గానీ తేదీ దొరకలేదు. దారిలో నేను స్కూలుకి ఫోన్ చేసి డ్రోన్ వాణ్ణి పిలుచుకోమని చెప్పేస్తానన్నాను. "మీరు పిల్లల్ని నిలబెట్టండి. నేను నొక్కుతాను" అంది ఆవిడ.

"అప్పుడు ఫోటో ఎవరిది?"

"స్టూడియోది" అంది. బస్సొచ్చింది, ఎక్కాం.

మార్చి 5

స్కూలు ఫోటోలు అయిపోయాయి!

హెడ్మిస్ట్రెస్ గేటు దగ్గరే నిలబడి ఉంది. కెమెరా మా ఆవిడ మెడలో ఉండటం చూసి కనుబొమ ఎగరేసింది. దాచి లాభం లేదనుకుని చెప్పేశాను, "నా కంట్లో శుక్లం మేడమ్. నిలబెట్టేది నేను, తీసేది ఈవిడ. బాగా రాకపోతే డబ్బులివ్వద్దు." ఈ మాట చెప్పడానికి ఏడాదిగా ప్రపంచంలో ఉన్న బ్యాటరీలన్నిటి మీదా నింద వేశాను. చెప్పడానికి పట్టింది ఒక్క గుక్క.

పనిలో పడ్డాక తెలిసింది, తెర చూసుకోవాల్సిన పని లేకపోతే నాకు ఎన్ని చేతులున్నాయో. పొడుగువాళ్ళని వెనక్కి, పొట్టివాళ్ళని ముందుకి, కొట్టుకునే ఇద్దర్ని చెరో చివరకి. వెనక వరసలో ఎవడో ముందువాడి తల మీద వేళ్ళతో కొమ్ములు పెడతాడని నాకు చూడకుండానే తెలుసు. "వెనకాల కొమ్ములున్న దున్నపోతు ఎవరమ్మా?" అన్నాను. క్లాసంతా పకపకా నవ్వింది, ఆవిడ నొక్కింది. పోయినసారి నేను "నవ్వండి" అని చెప్పి, తెరలోకి తల దూర్చి, తల ఎత్తేసరికి వాళ్ళ నవ్వులు ఆరిపోయేవి. ఇవాళ ఒక్క నవ్వూ ఆరలేదు.

మొదటి గంట కొట్టేసరికి మొదలెట్టి, మధ్యాహ్నం భోజనాలకి ముందే ముగించాం. ఎవరూ కళ్ళు తిరిగి పడలేదు. ఒకే బ్యాటరీ.

"వచ్చే ఏడు కూడా మీరే రావాలి" అంది హెడ్మిస్ట్రెస్. మా ఆవిడ వంక చూసి అంది. నేను పక్కనే నిలబడి తల ఊపాను.

మార్చి 9

రేపే ఆపరేషన్. బామ్మర్ది వచ్చి, "భయపడకు బావా, కంట్లో పెట్టే లెన్సు కంపెనీదే వెయ్యమను" అన్నాడు. నేను అన్నం సగం తిని లేచాను.

మార్చి 11

పట్టీ ఉంది. ఒంటి కన్నుతో రాస్తున్నాను, పట్టీ అంచు అడ్డమొచ్చి గీత సరిగ్గా కనిపించడం లేదు.

మార్చి 13

పట్టీ తీశారు. ఆసుపత్రి గోడ తెల్లగా ఉంది. అంత తెలుపు ఉంటుందని మర్చిపోయాను. నా చొక్కా కూడా తెల్లదనుకుని వేసుకొచ్చాను, అది పసుపు. వీధి దీపాలకి వలయాలు పోయాయి. ఊరికి మళ్ళీ మర్యాద వచ్చింది.

మార్చి 21

ఇవాళ డాక్టరమ్మ కెమెరా పట్టుకోవచ్చంది. సాయంత్రం గిరాకీలు లేరు. తెర వెలుతురు సగానికి దించాను. తర్వాత తెరే కట్టేశాను. మా ఆవిడని స్టూలు మీద కూర్చోమన్నాను.

"నన్నెందుకు, ఎవరైనా వస్తే తియ్యకూడదా?" అంటూనే చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది.

కిటికీలో కుడి కన్ను పెట్టాను. పొగ లేదు. ఆవిడ కూర్చుని ఉంది. నుదుటి దగ్గర జుట్టు బాగా నెరిసింది. కళ్ళ కింద రెండు గీతలు, నేను చూడనివి. రోజంతా తెర ముందు కూర్చుని నా మొహాలకి కళ్ళు గీసిన కళ్ళు బాగా అలిసి ఉన్నాయి. ఎడమ చెంప మీద చిన్న మచ్చ ఉండేది, అది ఇంకా అక్కడే ఉంది. నొక్కబుద్ధి కాలేదు.

కాసేపటికి ఆవిడ కదిలింది. "నొక్కరేం? బ్యాటరీ అయిపోతుంది."

"తెర కట్టేశాను. ఈ కిటికీలోంచి ఎంతసేపు చూసినా బ్యాటరీ ఖర్చు కాదు."

"అయితే ఇన్నేళ్ళూ చూడొచ్చుగా" అంది.

నొక్కాను. ఫోటో కదిలిపోయింది. రేపు మళ్ళీ కూర్చోమని అడగాలి.